గోడ మీద ధరణి పేరు

ప్రసన్నకుమారి తిరుపతిలో ఎం.కాం. చదువుతూ రోజూ నగరి నుంచి బస్సులో వచ్చిపోయేది. అది 1999. మధ్యాహ్నానికే క్లాసులు అయిపోయేవి. కూర్చోవడానికి చోటు దొరికే బస్సు సాయంత్రానికి గాని లేదు. అంతవరకు ఎక్కడ ఉండాలో తెలియక కాలేజీ ఆవరణలో తిరుగుతుంటే, వృక్షశాస్త్ర విభాగం వెనక కొత్తగా తెరిచిన రెండు గదులు కనబడ్డాయి. బయట 'మహిళా వనరుల కేంద్రం' అని బోర్డు. లోపల ఫ్యాను తిరుగుతోంది. నిజం చెప్పాలంటే ఆమె ఆ ఫ్యాను కోసమే లోపలికి వెళ్ళింది.

కేంద్రం బాధ్యత ఇంగ్లీషు లెక్చరర్ నాగరత్నమ్మది. పుస్తకాలు సర్దుతున్న ఆవిడ తలెత్తి, "వాలంటీరుగా వస్తావా? జీతం ఉండదు. వచ్చినోళ్ళు చెప్పేది వినాల. విన్నది బయట చెప్పకూడదు. అంతే పని" అన్నారు. ప్రసన్న సరేనంది.

మొదట్లో ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మగపిల్లలు ఆ గదికి 'కోర్టు' అని పేరు పెట్టారు. ఆ పేరుకు జంకి ఆడపిల్లలు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ప్రసన్న తన కుర్చీని వరండాలోకి లాక్కుని, పక్కన మంచినీళ్ళ కుండ పెట్టింది. నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడేవాళ్ళు. నిలబడినవాళ్ళు మెల్లగా మాట్లాడేవాళ్ళు. హాస్టల్లో గడియలేని బాత్‌రూము తలుపు గురించి, మామతో పెళ్ళి ఖాయం చేస్తామంటున్న అమ్మ గురించి.

అట్లా వచ్చిందే ధరణి. పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. నీళ్ళు తాగింది, గ్లాసు బోర్లించింది, కానీ కదల్లేదు.

"అక్కా, ఈడ చెప్పింది ఇంటికి తెలుస్తాదా?"

"తెలీదు. కూసో."

"మా నాయనకు తెలిస్తే సదువు మాన్పిచ్చేస్తాడక్కా."

సైన్సు బ్లాకు గోడ మీద, బస్సు షెల్టరులో, హాస్టలు ప్రహరీ మీద ఎర్రరంగుతో ధరణి పేరు రాసి ఉంది. పక్కనే ఒక మగపిల్లవాడి పేరులో మొదటి అక్షరం. అటెండరు ఒకసారి సున్నం కొట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ రాశారు. ఆ గోడ ముందు నుంచి నడవలేక ధరణి ల్యాబుకు గ్రౌండు చుట్టూ తిరిగి వెళ్తోంది. ఇక పెట్టె సర్దుకుని ఊరికి పోదామనుకుంటోంది.

"ఎవురు రాసింది?"

"మీ నగరి వాడేనక్కా. గిరిప్రసాద్. ఎన్నెస్సెస్ క్యాంపులో బాగానే మాట్లాడినాడు. సినిమాకు రమ్మన్నాడు. రానంటి. అప్పుట్నించి ఇదీ కత."

గిరి ప్రసన్నకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నగరిలో వాళ్ళ వీధివాడే. గిరి తండ్రి పరంధామయ్య ఇచ్చే నూలుతోనే ప్రసన్న తండ్రి చెంగల్రాయుడి మరమగ్గాలు ఆడేవి. ఆయనే నూలు ఇచ్చి, ఆయనే గుడ్డ తీసుకునేవాడు. ఆ రోజు బస్సులో పుత్తూరు దాటేదాకా ఆమె ఒకటే అనుకుంది. ఈ సంగతి నా దగ్గరికి కాకుండా ఇంకెవరి దగ్గరికైనా పోయుంటే ఎంత బాగుండు.

మర్నాడు నాగరత్నమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నువ్వు తప్పుకోవచ్చు. నేనేమీ అనుకోను" అన్నారు ఆవిడ.

"వద్దు మేడమ్. ఆ పిల్ల నాతోనే గదా చెప్పింది."

ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేస్తే గిరిని సస్పెండ్ చేయించవచ్చు. అయితే ముందుగా వాళ్ళు ధరణిని కూర్చోబెట్టి ఏం కావాలని అడిగారు. ఆ మాట అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. ధరణి ఆలోచించి చెప్పింది.

"సస్పెండ్ చేస్తే నా పేరు ఇంకో నాలుగు నోళ్ళల్లో పడతాది మేడమ్. రాసినోడే చెరపాల. పగలు, అందరూ సూస్తా ఉండంగా."

గిరిని పిలవడానికి ప్రసన్న క్యాంటీనుకు వెళ్ళింది. "కోర్టుకా?" అన్నాడు గిరి. స్నేహితులు గొల్లుమన్నారు.

"ఔను, కోర్టుకే. రా" అంది ప్రసన్న.

లోపలికి వచ్చాక అతని నవ్వు తగ్గింది. "తమాషాకు రాసినా మేడమ్" అన్నాడు. మళ్ళీ, "బాగా మాట్లాడి, ఉన్నట్టుండి మొగం తిప్పుకునింది. నన్ను సులకన చేసినట్ల గాదా?" అన్నాడు.

"మాట్లాడడం ఆ పిల్ల ఇష్టం. మానుకునేది కూడా ఆ పిల్ల ఇష్టమే" అన్నారు నాగరత్నమ్మ.

"గిరీ, ఆ గోడ ముందర నుంచి పోలేక ఆ పిల్ల ఎండలో గ్రౌండంతా చుట్టుకోని ల్యాబుకు పోతా ఉండాది. నీకు తెలుసునా?" అని ప్రసన్న అడిగింది.

అతనికి తెలియదు. తల దించుకున్నాడు. పగలు, అందరి ముందూ తన చేత్తోనే ఆ రాతలు చెరపాలని, చేయకపోతే ఫిర్యాదు రాస్తామని నాగరత్నమ్మ మెత్తగానే చెప్పారు.

మర్నాడు ఇంటర్వెల్లో గిరి బకెట్టు, ఇనుప బ్రష్షు పట్టుకుని సైన్సు బ్లాకు దగ్గరికి వచ్చాడు. రంగు సున్నంలోకి ఇంకిపోయింది, ఒక పట్టాన వదల్లేదు. గోకుతుంటే పెళ్ళలు రాలాయి. చుట్టూ చేరినవాళ్ళు మొదట ఈలలు వేశారు. తర్వాత విసుగుపుట్టి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ధరణి మాత్రం పుస్తకాలు గుండెకు పట్టుకుని అక్కడే నిలబడింది. పేరులో ఆఖరి అక్షరం కూడా పోయాక ఆ గోడ పక్క నుంచే ల్యాబుకు వెళ్ళింది. సాయంత్రానికి షెల్టరూ, ప్రహరీ కూడా శుభ్రమయ్యాయి.

దాని దెబ్బ నగరిలో తగిలింది. అందరి ముందూ తనచేత ప్రసన్న గోడలు గోకించిందని గిరి ఇంట్లో చెప్పాడు. ఎందుకు గోకించిందో చెప్పలేదు. పరంధామయ్య నూలు పంపడం మానేశాడు. చెంగల్రాయుడి ఇంట్లో మగ్గాల చప్పుడు ఆగిపోయింది.

"ఏం జరిగింది పాపా?" అని తండ్రి అడిగాడు.

"చెప్పకూడదు నాయనా. ఒగ ఆడబిడ్డకు మాటిచ్చినా."

"నువ్వేమన్నా తప్పు చేసినావా?"

"లేదు నాయనా."

ఆయన చొక్కా తొడుక్కుని పక్కనున్న ఏకాంబరకుప్పం వెళ్ళి వేరే వ్యాపారి దగ్గర నూలు మాట్లాడుకుని వచ్చాడు. అది ముతక నూలు, ఊరికే తెగేది. ఒక్కొక్క పోగూ ముడివేస్తూ తల్లి దేవకమ్మ సణిగేది. "ఎవురి బిడ్డ కోసరమో మన మగ్గాలు నిలబెట్టుకోవాల్నా?" ప్రసన్నకు తల్లి మాటా తప్పు కాదనిపించింది. కేంద్రానికి వెళ్ళడం మానేసి, క్లాసులు కాగానే దొరికిన బస్సులో నిలబడి ఇంటికొచ్చి తల్లితోపాటు ముడులు వేసింది.

కొన్నాళ్ళకు, మానేస్తున్నానని చెప్పి వద్దామని అటు వెళ్ళింది. వరండాలో కుర్చీలో ధరణి కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో కొత్త పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వు రాలేదని నేను కూసున్నానక్కా. ఎవురో ఒగరు ఉండాల గదా" అంది ధరణి, లేవబోతూ.

"లేవొద్దు. కూసో" అని ప్రసన్న లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చుకుంది. మానేస్తానన్న మాట ఎత్తనే లేదు.

కొద్ది రోజుల తర్వాత, అన్నం తింటూ చెంగల్రాయుడు ఉన్నట్టుండి అడిగాడు. "ఆ బిడ్డ సదువుకుంటా ఉండాదా?"

"ఉండాది నాయనా."

"సరే" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు. దేవకమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఆ తర్వాత ఆమె సణుగుడు కొంత తగ్గింది.

పరంధామయ్య మళ్ళీ నూలు పంపడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. గిరి ఎన్నడూ క్షమించమని అడగలేదు. నగరి వీధుల్లో ఎదురైతే ఇప్పటికీ పక్కకు చూస్తూ వెళ్ళిపోతాడు. ధరణి బీఎస్సీ పూర్తిచేసి, బీఈడీ చేసి, పలమనేరులో లెక్కల టీచరయింది.

ప్రసన్నకుమారికి పుత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడాదే, వారానికొక గంట పిల్లలతో ఇలాంటి సంగతులు మాట్లాడతానని ప్రిన్సిపాలును అడిగింది.

"ఆడపిల్లలకే గదా? చిన్న గది చాలుగా" అన్నాడాయన.

"మగపిల్లలు కూడా రావాల సార్. గోడల మీద రాసేది వాళ్ళే గదా" అంది ప్రసన్న.

ఆయన నవ్వి, మేడ మీది పెద్ద గది తాళం ఇచ్చాడు.