బడి బోర్డు మీద ఆకలి

మీ ఇంటి పిల్ల నలుగురిలో కళ్ళు తిరిగి పడిపోతే ఆకలితో పడిపోయిందని చెప్పుకుంటారా, అమ్మవారు పూనిందని చెప్పుకుంటారా? తొందరపడి జవాబు చెప్పకండి. డెబ్భైల్లో, తిరువూరికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరినప్పుడు నేనూ తొందరపడేవాణ్ణి. ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండేది కాదు. బెజవాడ చర్చాగోష్ఠుల్లో దేవుణ్ణి, దయ్యాన్ని, జాతకాన్ని ఒకే సాయంత్రం ఓడించి వచ్చినవాణ్ణి. (ముగ్గురిలో ఎవరూ సభకు రాలేదు కాబట్టి గెలుపు సులువైంది.) ఎవరేం చెప్పినా ‘రుజువేది?’ అనేవాణ్ణి. ఊళ్ళో నాకు రుజువు మాస్టారు అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని తెలియడానికి ఏడాది పట్టింది.

బడి ప్రహరీకి రోడ్డు వైపున ఒక నల్లబోర్డు ఉండేది. ఊరికంతా ఒకటే పేపరు, ఏడింటికి బెజవాడ మొదటి బస్సులో బడికి వచ్చేది. అందులో ముఖ్యమైనవి బోర్డు మీద రాయడం, ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి చేత గట్టిగా చదివించడం నా పని. అంతటితో ఆగితే బాగుండేది. నేను కింద ఒక గీత గీసి, ‘మన ఊరు’ అని పేరు పెట్టి, ఎవరి గేదె తప్పిపోయిందో, టీకాలవాళ్ళు ఎప్పుడొస్తారో, ఎవరి బావిలో నీళ్ళు పడ్డాయో రాయడం మొదలుపెట్టాను. ఇక గీతకు పైన ఢిల్లీలో ప్రభుత్వం ఉన్నా ఊడినా ఎవరికీ పట్టేది కాదు. చదువు రానివాళ్ళు చదువొచ్చినవాణ్ణి చెయ్యి పట్టుకు లాక్కొచ్చి మరీ చదివించుకునేవాళ్ళు. బోర్డు మీద ఉంటే నిజం, లేకపోతే పుకారు. హెడ్మాస్టారు మాత్రం, “ఢిల్లీవాళ్ళు వచ్చి మనల్ని నిలదీయరు మాస్టారూ. గేదెలవాళ్ళు నిలదీస్తారు” అన్నారు. ఆయనకు ధైర్యం తక్కువనుకున్నాను.

ఎనిమిదో తరగతిలో ముగ్గురే ఆడపిల్లలు. అందులో ఒక పిల్ల గొంతు ఖంగుమనేది. వాళ్ళ నాన్నకు ఊరి చివర మూడు పెద్ద గడ్డివాములుండేవి, అందరూ ఆయన్ని వాములాయన అనేవారు. అంతవరకూ ప్రార్థనలో ఆడపిల్ల వార్తలు చదివింది లేదు. ఈ అన్యాయాన్ని నేనే సరిదిద్దాలనుకుని ఒక శుక్రవారం ఆ పిల్లకు వంతు ఇచ్చాను. బాగానే చదువుతోంది. “రెండు రోజుల్లో కోస్తా జిల్లాల్లో వానలు పడవచ్చు” అన్నది, కాగితం జారవిడిచింది, ఒళ్ళు వణికింది, జడ విడిపోయి దబ్బున పడింది. బడిలో పిల్లలకు నీళ్ళు పోసే అవ్వ చెంబుతో పరుగున వచ్చి, మొహం మీద చల్లాల్సిన నీళ్ళు పాదాల మీద పోసి దండం పెట్టింది. “తల్లి వాన చెప్పింది బాబూ” అంది. ఆ ఏడు మెట్టచేలు ఎండిపోతున్నాయి. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరు దాటింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎర్ర సుద్దతో ‘బడిలో అమ్మవారా?’ అని బారెడు అక్షరాలు రాసి, కింద తెల్ల సుద్దతో చిన్నగా ‘పచ్చి అబద్ధం. ఎనిమిదో తరగతి బాలిక ఆకలితో సొమ్మసిల్లింది. మూఢనమ్మకాలు విడనాడండి’ అని ముగించాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే విస్సన్నపేట బస్సులోంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళు కొబ్బరికాయలతో దిగారు. ఎక్కడికమ్మా అంటే, “బడిలో అమ్మవారంట గదా బాబూ. కండక్టరు చెప్పాడు. బోర్డు మీద కూడా రాసుందంట” అన్నారు. బస్సు ఆగేది నిమిషం. ఆ నిమిషంలో కండక్టరుకు నా ఎర్ర సుద్ద ఒక్కటే అందింది. వాళ్ళను బోర్డు ముందు నిలబెట్టి మొత్తం చదివి, నరాలూ రక్తమూ అన్నీ వివరించాను. శ్రద్ధగా విన్నారు. చివరికి ఒక పెద్దావిడ, “అదంతా సరే బాబూ, కాయ ఎక్కడ కొట్టమంటారు?” అంది.

నేను మళ్ళీ నరాల దగ్గర్నుంచి అందుకోబోతుండగానే వాములాయన వచ్చాడు. నాతో ఏకీభవించడానికి వచ్చాడనుకుని నమస్కారం పెట్టాను. ఆయన పెట్టలేదు.

“ఏం మాస్టారూ, మా ఇంట్లో కూటికి లేదని మీకెవరు చెప్పారండి?”

“అది కాదండి, అమ్మవారనే మూఢ...”

“అమ్మవారి ఊసు ఇప్పుడెవరెత్తారు? అమ్మవారని ఊరుకుంటే నలుగురూ దండం పెట్టుకుని పోయేవాళ్ళు. మీరు ఆకలని రాశారు. రోడ్డు మీద. బస్సులవాళ్ళు చదివేట్టు. పదిమంది పాలేళ్ళకు అన్నం పెట్టే ఇల్లండీ మాది. రేపు మా ఆవిడ బావి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?”

“వైద్యపరంగా చూస్తే...”

“చూడొద్దు. పిల్లని ఇక పంపను. మీరూ మీ బోర్డూ ఏలుకోండి.”

సోమవారం ఆడపిల్లల బెంచీ మొత్తం ఖాళీ. ఆ పిల్ల రాకపోతే తోడు లేదని మిగతా ఇద్దరినీ ఇంట్లోవాళ్ళు ఆపేశారు. ఇక వాళ్ళ చదువు అక్కడితో సరి అనుకున్నారంతా. వాన కూడా పడలేదు. బోర్డు మీద అమ్మవారిని కాదన్నందుకేనట. హెడ్మాస్టారు ఖాళీ బెంచీ వైపు చూసి, “మీ సైన్సు బాగానే ఉంది. పిల్లలేరీ?” అన్నారు.

సాయంత్రం వాములాయన ఇంటికి వెళ్ళాను. పిల్ల పంచలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడాలు తీస్తోంది. ఆయన మంచం చూపించి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. మెదడుకు రక్తం ఎలా చేరుతుందో పావుగంట చెప్పాను. (ఇప్పుడు తలుచుకుంటే నాకే తుమ్మొస్తోంది, అప్పుడు మిరప ఘాటుకు వాళ్ళందరికీ వచ్చింది.) ఊపిరి కోసం ఆగినప్పుడు ఆ పిల్ల తలెత్తకుండానే అంది.

“నన్నెవరూ అడగలేదు మాస్టారూ.”

“ఏమని?”

“ఎందుకు పడిపోయానో.”

వాములాయన మొహం ఇటు తిప్పాడు.

“మీరేగా ఏడింటికల్లా రమ్మన్నారు. అమ్మ అన్నం కలుపుతుంటే వద్దని పరిగెత్తుకొచ్చేశాను. పేపరు రాగానే ఎండలో నిలబెట్టి, తొమ్మిదిన్నర దాకా అదే చదివించారు. గొంతు పెంచు, గొంతు పెంచు అని. మధ్యలో మీరు రెండుసార్లు టీకి వెళ్ళారు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు.”

లోపల్నుంచి వాళ్ళమ్మ, “గోంగూర పచ్చడేసి కలిపానండీ. అలాగే ఉండిపోయింది” అంది.

ఊరందరినీ రుజువేదని నిలదీసిన నేను, నా కళ్ళముందు పడిపోయిన పిల్లను ఒక్క ముక్క అడగలేదు. అవ్వ ఆమె పేరు చెప్పి అమ్మవారిని తెచ్చింది, నేను ఆమె పేరు చెప్పి ఉపన్యాసం తెచ్చాను. అవ్వ కనీసం కాళ్ళయినా కడిగింది.

“తప్పు నాదేనండి” అన్నాను. గొంతు పెంచకుండానే.

వాములాయన మీసం దువ్వుకున్నాడు. “ఆ మాట బోర్డు మీద రాస్తారా? ఎర్ర సుద్దతో?”

మర్నాడు ఆయన పక్కనే నిలబడి ఉండగా రాశాను: ‘బాలిక ఇంట అన్నం సిద్ధంగా ఉంది. తిననివ్వకుండా పిలిపించి, రెండున్నర గంటలు ఎండలో నిలబెట్టినది సైన్సు మాస్టారు.’ వాములాయన బస్సును చెయ్యి అడ్డంపెట్టి ఆపి, కండక్టరు చేత చివరి అక్షరం దాకా చదివించాడు. బస్సంతా నవ్వింది. వెనకనుంచి, “నాన్నా, తప్పుకో, గంట కొట్టేశారు” అంటూ ఆ పిల్ల పుస్తకాలతో గేటులోకి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే.

నేను రాసినవాటిలో జనం చివరిదాకా చదివిన వ్యాసం ఇప్పటికీ అదొక్కటే. చొక్కా నిండా ఎర్ర సుద్దతో, చెవులు అంతకన్నా ఎర్రగా నిలబడిన ఆ కుర్ర మాస్టారి మీద అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు జాలేస్తోంది, కొంచెం ముద్దూ వస్తాడు. ఆ కుర్రాడు మీలోనూ చాలామందిలో ఉన్నాడు. మీ వీధిలో ఇవాళ ఎవరి గురించో ఒక మాట తిరుగుతూనే ఉంటుంది. దాన్ని మరో చెవిన వేయకముందే లేవండి, చెప్పులు వేసుకోండి, వాళ్ళ గుమ్మం ఎక్కి వాళ్ళనే అడగండి. చెప్పేదాకా నోరు మూసుకుని వినండి.