ఏడో గేటు, పై అంతస్తు

కాదండీ, పోలీసు చెప్పిన మాట విన్నందుకు తప్పు నాదెలా అవుతుంది? హోసూరులో మా అత్తవాళ్ళింట్లో నలుగురు చేరితే చాలు, ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు. నేను వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొస్తాను, వాదన మళ్ళీ మొదటికొస్తుంది. ఆ రోజుల్లో ఇంటికొక సెల్‌ఫోను ఉంటే గొప్ప. మా ఇంటి ఫోను ఇరవై నాలుగు గంటలూ నా చేతిలోనే ఉండేది. మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం మాత్రం సున్నా. (కోపం వస్తే భాషతో పనిలేదనుకోండి.)

పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. మా ఆయన హోసూరు పక్కనే మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బెంగళూరులో దేశదేశాల జట్లు ఆడే క్రికెట్ పోటీలు వచ్చాయి, వాళ్ళ మేనేజరు పుణ్యమా అని మాకు రెండు టికెట్లు దొరికాయి. ఇద్దరికీ క్రికెట్ పిచ్చే, కానీ ఆయనది ముదిరిన పిచ్చి. పెళ్ళిచూపుల్లో నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "స్పిన్నా, పేసా?" అలాంటి మనిషి కూడా అప్పటిదాకా స్టేడియం లోపల కాలు పెట్టలేదు. వారం రోజులు టికెట్లను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లారే బస్సెక్కి స్టేడియం దగ్గరికి చేరేసరికి, సంచులు లోపలికి వదలరని తెలిసింది. మా అత్త కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బాలున్నాయి. తెలిసిన బేకరీలో ఇచ్చొస్తానని, "ఈడ్నే కూర్చో మే, యాడికీ కదలొద్దు," అని చెప్పి, టికెట్లు జేబులో పెట్టుకుని ఆయన బయల్దేరాడు. నేను ఫుట్‌పాత్ అంచున కూర్చుని మా చెల్లెలికి మెసేజి కొడుతున్నాను. ఇంతలో ఒక కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ వచ్చి, "ఏళ్రీ, ఏళ్రీ మేలె!" అన్నాడు. తమిళంలో ఏళు అంటే ఏడు, మేలే అంటే పైన. ఆహా, అడక్కుండానే ఏడో గేటు, పై అంతస్తు అని దారి చూపిస్తున్నాడు, ఎంత మర్యాద! "చాలా థ్యాంక్స్ సార్," అని దండం పెట్టి పరుగెత్తాను. (కన్నడంలో అది "లేవండి, పైకి లేవండి" అని తర్వాత తెలిసింది. తరిమితే దండం పెట్టిన ఆడమనిషిని పాపం ఆయన కూడా అదే మొదటిసారి చూసి ఉంటాడు.)

ఏడో గేటు స్టేడియానికి అటువైపు ఉంది. అక్కడ నేను మెట్ల కోసం వెతుకుతుంటే ఫోను మోగింది. మా ఆయనే, రూపాయి బిళ్ళ వేసే ఫోను నుంచి.

"యాడుండావు మే?"

"ఏడు!"

"అదే నేనూ అడిగేది, యాడ?"

"ఏడండీ, ఏడు! ఏడు!"

"నన్నడిగితే నాకేం తెలుస్తాది మే? నువ్వు యాడుండావో నువ్వే కదా చెప్పాల!"

బిళ్ళ అయిపోయింది. నిమిషం తర్వాత మళ్ళీ మోగింది. చుట్టూ బూరలు, డప్పులు. నేను గొంతు చించుకుని, "ఏడులో ఉన్నా!" అని అరిచాను.

"ఏడుస్తా ఉండావా? అయ్యో, ఏడవద్దు మే! నేనొస్తా ఉండాను!"

ఎక్కడికి వస్తాడో అడిగేలోపే కట్. మూడో బిళ్ళ దొరకలేదట. నేరుగా పోలీసుల దగ్గరికి పోయి, గులాబీ చుడీదారు వేసుకున్న మా ఆడమనిషి తప్పిపోయింది, ఒకటే ఏడుపు అని చెప్పాడట. నిజంగానే ఒక కానిస్టేబుల్ నా దగ్గరికొచ్చి చుడీదారు చూశాడు, మొహం చూశాడు. అప్పుడు నేను ఫోనులో మా చెల్లెలికి మా ఆయన చెవుల సంగతి చెబుతున్నాను. "ఇవ్ళల్ల. అవ్ళు అళ్తావ్ళంతె, ఇవ్ళు బైతావ్ళె," అని పక్కవాడికి చెప్పి వెళ్ళిపోయాడు. వాళ్ళు వెతికే మనిషి ఏడుస్తూ ఉండాలట, నేనేమో తిడుతున్నానట!

లోపల మొదటి హోరు లేచింది. ఎవరో ఫోరు కొట్టారో, అవుటయ్యారో కూడా తెలియదు. ఇంకో గంటకి గేట్లు మూసేశారు. అప్పుడు వచ్చిందండీ ఏడుపు, నిజం ఏడుపు, ముక్కు చీదుకుంటూ, వెక్కిళ్ళతో. అయిదు నిమిషాల్లో పోలీసులు నన్ను కనిపెట్టేశారు.

వాళ్ళ వెనకే వచ్చిన మా ఆయన చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది. స్టేడియం చుట్టూ మూడుసార్లు తిరిగాడట. మా టికెట్ల గేటు నేను ముందు కూర్చున్న చోటికి ఎదురుగానే ఉందట. అది విన్నాక నాకు ఒళ్ళు మండింది. "గేటు తెరిచే ఉండె, టికెట్టు జేబులోనే ఉండె. మీరైనా పోయి చూడొచ్చు కదా?" అని అరిచాను.

ఆయన నా వైపు ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "నువ్వు ఏడుస్తా ఉండావని తెలిసినాక నాకు ఆట యాడ కనిపిస్తాది మే?"

నేను చున్నీతో ఆయన మొహం మీది చెమట తుడిచాను. అరుపు మధ్యలో ఆపి చెమట తుడిచిన పెళ్ళాన్ని మా ఆయన చూడటం కూడా అదే మొదటిసారి. ఆ రోజు ఎవరు గెలిచారో నాకిప్పటికీ గుర్తుండదు. ఆ గులాబీ చుడీదారులో ఊరంతా వినేలా అరిచిన ఆ పిల్లని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తుంది కూడా. సరే, నా చెవులదీ తప్పే, ఒప్పుకుంటాను. కానీ అప్పటికింకా ఏడవనే ఏడవని పెళ్ళాం కోసం దిండు కింద టికెట్టును వదులుకున్న మొగుడు మీ ఇంట్లో ఉన్నాడా, ఏదీ, చూపించండి?