డబుల్ మార్జిన్

లోవరాజుకి వంకర అంటే పడదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీద కేలండరు సరిచేసి, ఆ తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకుంటాడు. పెళ్ళిపీటల మీద తన బాసికం కూడా సర్దబోయి పంతులుగారి చేత చీవాట్లు తిన్నాడని భార్య రామలక్ష్మి ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటివాడికి పెద్దాపురంలో వెబ్ పేజీలు చేసే పని దొరకడం దేవుడి వేళాకోళం కాక మరేమిటి?

రెండు వేల ఆరులో పట్టుచీరల కొట్టు చిట్టియ్యగారు పేజీ చేయించుకున్నారు. కొట్టు పెట్టిన వాళ్ళమ్మ శ్యామలాంబగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకి ఆ పేజీ చూపించాలి. చీరల వరసకి కుడిచివర, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నట్టే, ఆవిడ ఫోటో ఉండాలి. ఆయన కోరిక అదొక్కటే.

లోవరాజు ఇంటి కంప్యూటర్లో ఆవిడ అలాగే కూర్చున్నారు. కొట్లో పాత కంప్యూటర్లో తెరిచేసరికి చీరల కిందకి జారిపోయారు.

"ఏంటయ్యా ఇది? మా అమ్మని తీసుకెళ్ళి కింద కూర్చోబెట్టావు!" చిట్టియ్యగారు తెరమీద వేలు పెట్టి చూపించారు. "రేపు చుట్టాలొస్తే ఏం చూపించను?"

"ఇందులో బ్రౌజరు పాతదండి. దానికో తిక్క ఉంటుంది," అంటూ లోవరాజు అక్కడే పనికి కూర్చున్నాడు. ఒక్కో బొమ్మ చుట్టూ ఎర్ర గీత గీసి చూశాడు. మొదటి చీరకి ఎడమపక్క ఖాళీ రెట్టింపుంది.

"దొరికిందండీ! మార్జిన్ డబుల్ అయిపోతోంది. తగ్గించేస్తాను!"

బేరంలో ఉన్న చిట్టియ్యగారు చీర వదిలేసి పరుగెత్తుకొచ్చారు. "తగ్గించడమేంటయ్యా! వచ్చే మార్జిన్ ఎవరైనా తగ్గించుకుంటారా? ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను."

బేరమాడుతున్నావిడ చీర పక్కన పడేసింది. "డబులా? అయితే నాకొద్దు బాబూ."

"ఆ మార్జిన్ కాదండీ!" లోవరాజు ఇద్దరికీ కలిపి మొత్తుకున్నాడు. "బొమ్మ పక్కన వదిలే ఖాళీ. ఈ పాతది రెట్టింపు వదిలేస్తోంది. చోటు చాలక చివరున్న అమ్మగారు కిందకి దిగిపోతున్నారు."

చిట్టియ్యగారు తెర దగ్గరికి వంగారు.

"మార్జిన్ పెంచితే అమ్మకి చోటు లేకుండా పోయిందన్నమాట. ఉన్నన్నాళ్ళూ ఆ మాట మీదే నాతో తగువు. తీసెయ్యి బాబూ."

లోవరాజు పేజీ కోడ్‌లో ఒక్క మాట చేర్చాడు. శ్యామలాంబగారు పైకొచ్చి కూర్చున్నారు. చిట్టియ్యగారు కళ్ళజోడు తుడుచుకుని బేరమావిడ వైపు తిరిగారు. "అమ్మ చూస్తోంది. ఆ ధరేదో మీరే చెప్పండి."

లోవరాజు లేచాడు. గోడమీద శ్యామలాంబగారి పటం గల్లాపెట్టె వైపు కాస్త ఒరిగి ఉంది. అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. మళ్ళీ దించేశాడు.