దించిన ఇంజిన్

టైలర్ మాస్టారి ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక పాత కారు ఉండేది. దాన్ని కొన్నది ఆయన ఒక్కగానొక్క కూతురు. తల్లి ఎంత మొత్తుకున్నా వినకుండా కార్ల వర్క్‌షాపులో పనికి చేరి, జీతంలో మిగుల్చుకుని, నడవని బండిని తాడు కట్టించి లాక్కొచ్చింది.

"ఏదో తెస్తుందనుకుంటే ఇనప్పెట్టె తెచ్చిందమ్మా మహాతల్లి!" అని వాళ్ళమ్మ తిట్టిపోసింది. తిట్టింది గానీ, షెడ్డులో బల్బు పెట్టించింది ఆవిడే.

ఇంజిన్ దించి చూస్తే గానీ రోగం తెలియదంది పిల్ల. సెలవు దొరికినప్పుడల్లా కారు కింద దూరేది. రేడియేటర్ తీసింది, బానెట్ ఊడదీసి గోడకి ఆనించింది. "వచ్చే ఆదివారం దించేద్దాం నాన్నా. గొలుసు నువ్వే లాగాలి" అంది. ఆ ఆదివారానికి పిల్ల లేదు. జ్వరమని పడుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే చెయ్యి దాటిపోయింది.

తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. తల్లి వంటింటి గడప దాటడం మానేసింది. మాస్టారు కొట్టయితే తెరిచేవాడు గానీ, మనసు పని మీద నిలిచేది కాదు. ఒకాయన చొక్కాకి రెండు వైపులా ఎడమ చేతినే కుట్టేశాడు. "ఇదేంటి మాస్టారూ?" అని ఆయన అడిగాకే చూసుకున్నాడు. ఆ సాయంత్రమే వర్క్‌షాపుకి వెళ్ళి, పిల్లకి పని నేర్పిన పెద్దమేస్త్రిని కలిశాడు.

"ఆ ఇంజిన్ దించాలండీ. నేనే దించాలి. మీరు పక్కనుండి చెప్తే చాలు."

మేస్త్రి కాదనలేకపోయాడు. చైన్ పుల్లీ, మూడుకాళ్ళ ఇనప స్టాండు వేసుకుని వచ్చాడు. "సూది పట్టే చేతికి పానా ఎందుకొచ్చిందబ్బా" అని నవ్వబోయిన ఎదురింటాయన, మాస్టారి మొహం చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మాస్టారు పుట్టి బుద్ధెరిగాక బోల్టు విప్పినవాడు కాదు. మొదటి బోల్టుకే పానా జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ పట్టాడు. బేసిన్లోకి ఆయిల్ వదిలాడు. సైలెన్సర్ గొట్టం విప్పాడు, గేరు రాడ్డు పైకి లాగాడు, వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు విడదీశాడు.

"ఇంజినూ గేర్‌బాక్సూ అతుక్కుపుట్టిన కవలలు మాస్టారూ, రెండూ కలిపే లేపాలి" అన్నాడు మేస్త్రి.

మాస్టారు గొలుసు లాగాడు. ఇంజిన్‌తో పాటు కారు ముందు భాగం కూడా లేవసాగింది.

"ఆగండాగండి! గేర్‌బాక్సు కింద అడ్డపట్టీ ఇంకా పట్టుకునుంది."

గొలుసు దించి, కారు కింద దిమ్మలు పెట్టాక మాస్టారే దూరాడు. బొజ్జ మనిషి మేస్త్రికి అక్కడ చోటు చాలదు. పట్టీ మీద నట్టు తడిమి పానా పెట్టబోతే, వేలికే తిరిగిపోయింది. పక్కదీ అంతే. పిల్ల ముందే వదులు చేసి, పోకుండా మళ్ళీ చేత్తో తగిలించి పెట్టుకుంది. చివరిది మాత్రం బిగుసుకుని ఉంది. దాని దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట.

"దొరికిందా మాస్టారూ?"

"దొరికిందండీ" అని గొంతు వచ్చింది గానీ మనిషి రాలేదు. మేస్త్రి మళ్ళీ పిలవలేదు.

ఎట్టకేలకు ఇంజిన్ ముక్కు పైకెత్తి, గేర్‌బాక్సును వెనకాలే ఈడ్చుకుంటూ గాల్లోకి లేచింది. నేల మీదికి దించి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే, ఇంజిన్ పక్క గోడకి పూసిన లప్పం పెచ్చుగా ఊడింది. దాని వెనక బెత్తెడు పగులు.

"మసిపూసి మారేడుకాయ చేసి పిల్లకి అంటగట్టాడు, ఆ అమ్మిన దొంగవెధవ" అన్నాడు మేస్త్రి. "ఇది ఇక నడవదు మాస్టారూ. నా తరమూ కాదు, ఎవరి తరమూ కాదు."

అంతలో షెడ్డు గుమ్మంలో మాస్టారి భార్య కనిపించింది.

"దిగిందా?"

"ఆఁ, దిగింది."

"ఏంటట రోగం?"

మాస్టారు పగులుకి అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దదేం కాదు. చిన్న రిపేరు."

"అయితే చేయించి మళ్ళీ పెట్టించండి. అది రోడ్డెక్కితే ఒక్కసారి కూర్చుంటాను" అందావిడ. మేస్త్రి తల దించుకుని పానాలు ఏరుకున్నాడు.

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే షెడ్డు ఊడ్చేది. "మేస్త్రిగారు ఎప్పుడొస్తానన్నారు?" అని అడిగేది. అడిగినప్పుడల్లా మాస్టారు "రేపో ఎల్లుండో" అని తప్పించుకునేవాడు. చివరికి ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు.

ఆవిడ చేతిలో గరిట కింద పెట్టింది.

"దానికి తెలుసాండీ?"

"తెలీదు. దించితే గానీ కనపడదు."

"ఎంత ఆశపడిందో పిచ్చిముండ" అంటూ ఆవిడ గోడకి జారబడి, పిల్ల పోయాక మొదటిసారి గుండెలవిసేలా ఏడ్చింది. మాస్టారు ఎంగిలి చేత్తోనే ఆవిడ పక్కన కూలబడ్డాడు.

గేర్‌బాక్సు బాగానే ఉందని మేస్త్రి పట్టుకెళ్ళి ఎవరి కారుకో బిగించాడు. ఇంజిన్‌ని కరిగించడానికి తీసుకెళ్ళేందుకు తోపుడుబండివాడు వచ్చాడు. మాస్టారు తానూ ఒక చెయ్యి వేసి ఎక్కించాడు.

"మెల్లగా తీసుకెళ్ళవయ్యా. గుంటలున్నాయి."

"ఇనుమేగా సార్, దానికేం దెబ్బ తగులుద్ది?" అని బండివాడు నవ్వి, తోసుకుంటూ వెళ్ళిపోయాడు.