ఈశాన్యం పల్లం

నిరుపమకు ఈమధ్య దుర్గేష్ మొహం చూస్తేనే అసహ్యం వేస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో కోపాలు వచ్చాయి, అలకలు వచ్చాయి. అసహ్యం మాత్రం ఇదే మొదలు.

కాకినాడ నుంచి వచ్చి, ఫార్మసీ కౌంటరు వెనక కాళ్ళు వాచేలా నిలబడి, మొగుడితో కలిసి ఆమె కొనుక్కున్న ఇల్లు అది. న్యూజిలాండ్‌లోని పడమటి ఆక్లండ్‌లో శని ఆదివారాలన్నీ ఇళ్ళు చూసి చూసి, చివరికి దీన్నే ఎందుకు కొన్నారంటే, ఈశాన్యం పల్లం. స్థలమంతా ఆ మూలకే వాలి ఉంటుంది. వాస్తు చూసే పెద్దమనిషి రాజమండ్రిలో కూర్చుని వీడియో కాల్‌లోనే "మహా యోగం, వదలకండి" అన్నాడు. పల్లంలోకి నీళ్ళు వస్తాయన్న ఇంగితం మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికీ లేకపోయింది.

క్రిస్మస్ సెలవుల్లో ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు విరుచుకుపడ్డాయి. వీధిలో నీళ్ళన్నీ ఎవరెవరి మురుగో కలుపుకుని ఆ మూల గదిలో మోకాలి లోతున నిలిచాయి. దేవుడి పీట ఉన్నది అక్కడే. దాని పక్కన ఎవరి పిల్లాడి డైపరో తేలింది. అన్నం ముందు కూర్చుంటే ఇప్పటికీ అది గుర్తొచ్చి నిరుపమ కంచం పక్కకు నెట్టేస్తుంది. కార్పెట్ పీకించారు, గోడలకు రంగు వేయించారు. అయినా తలుపు తీస్తే చాలు, కంపు గుప్పుమంటుంది. దుర్గేష్ అందులో సాంబ్రాణి ముట్టిస్తాడు. ఆ రెండూ కలిసిన వాసన ఇంకా దరిద్రం.

అక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది. ఆ నెలలోనే చలికాలపు వాతావరణ అంచనా వచ్చింది. అది చదివి దుర్గేష్ లాటరీ తగిలినవాడిలా మురిసిపోయాడు.

"చూశావా! ఈసారి వింటర్ వెచ్చగా ఉంటుందంట. వానలు కూడా మామూలు కన్నా తక్కువేనంట. ఈలోపు దీన్ని వదిలించుకుని హాబ్సన్‌విల్‌లో మనం చూసిన ఇంట్లో సెటిల్ అయిపోదాం."

"కింద ఇంకో లైనుంది. అప్పుడప్పుడు కుండపోతలు తప్పవని. అదీ చదువు."

"అది వాళ్ళు ప్రతిసారీ రాస్తార్లే."

ఏజెంటును పెట్టనన్నాడు. ఏజెంటుకైతే వరద సంగతి చెప్పాలి. మనవాళ్ళకైతే వాస్తు చెప్తే చాలట. ఎంత సిగ్గులేని లెక్క!

ఆ ఆదివారం వంశీకృష్ణ, రుచిత ఇల్లు చూడటానికి వచ్చారు. కొత్త దంపతులు, ఇద్దరూ ఐటీ ఉద్యోగులు.

"ఈశాన్యం పల్లం, బ్రదర్! దీపం పెట్టి వెతికినా దొరకదు," అన్నాడు దుర్గేష్ సాంబ్రాణి పొగలో నిలబడి. ఫోన్ తీసి వాతావరణ అంచనా కూడా చూపించాడు.

నిరుపమ రుచిత వైపు చూసింది. చెప్తే హాబ్సన్‌విల్ ఇల్లు చేజారిపోతుంది, మొగుడి పరువు నలుగురిలో పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల ఈ గదిలో దీపం పెట్టుకుంటుంది. ఇక ఆగలేకపోయింది.

"రుచితా, ఈ గదిలోకి క్రిస్మస్‌కి మురుగునీళ్ళు వచ్చాయమ్మా. మోకాలి లోతు. గట్టి వాన పడితే మళ్ళీ వస్తాయి."

దుర్గేష్ మొహం మాడిపోయింది. రుచిత మాత్రం నవ్వింది.

"తెలుసక్కా. కౌన్సిల్ వాళ్ళ వరద మ్యాప్‌లో చూశాం. అందుకేగా రేటు తగ్గించమని అడగబోతున్నాం!"

"తెలిసీ ఇందులో కాపురం పెడతావా?"

"ఛ, మేమెందుకుంటాం? ఇండియా నుంచి కొత్తగా వచ్చే స్టూడెంట్స్‌కి అద్దెకిస్తాం. మన తెలుగు పిల్లలే. పాపం, వాళ్ళకివన్నీ తెలీవు."

"ఈ వింటర్ ఎలాగూ డ్రై అంటున్నారు కదన్నా," అన్నాడు వంశీకృష్ణ.

దుర్గేష్‌కు ప్రాణం లేచొచ్చింది. హాయిగా నవ్వి చెయ్యి చాచాడు. వంశీకృష్ణ ఆ చెయ్యి అందుకున్నాడు. నిరుపమకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఇలాంటివాడు తన మొగుడొక్కడే అనుకుంది, ముగ్గురున్నారు.

"ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. నేను సంతకం పెట్టను," అంది.

"పిచ్చి పట్టిందా నీకు? అమ్మకపోతే ఈ కొంపలో ఎవరుంటారే?" అని అరిచాడు దుర్గేష్.

"మనమే," అంది నిరుపమ. "ఈ కంపు మనది."