జాబ్రియా ఇంట్లో ఇంగ్లండు పల్లె

మా చిన్నప్పుడు... కువైట్‌లోని జాబ్రియాలో మామా వాళ్ల హాల్లో ఒక ఇంగ్లండు పల్లె ఉండేది.

నిజం పల్లె కాదు లెండి. భోజనాల బల్లంత చెక్క మీద కట్టిన బొమ్మల ఊరు. మామా వాళ్ల నాన్న చదువుకోవడానికి ఇంగ్లండు వెళ్లి, ఒక చిన్న పల్లెలో రెండేళ్లు ఉన్నాడట. తిరిగొచ్చాక ఆ ఊరిని మరిచిపోలేక తన చేతులతో మళ్లీ కట్టుకున్నాడు. ఊరంటే ఎంత... నలుచదరపు గోపురమున్న చర్చి, వాగు మీద రాతి వంతెన, నీళ్లతో తిరిగే పిండిమర, గంట వేలాడే బడి, ఒకే వరసలో ఐదు గడ్డి ఇళ్లు.

మామా అంటే మేనమామ కాదు, మా అమ్మ పనిచేసే కువైటీ ఇంటి యజమానురాలు. మేం మహబూలాలో ఉండేవాళ్లం. నాన్నది కంపెనీ పని. బడికి సెలవులిస్తే అమ్మ నన్ను వెంట తీసుకెళ్లేది. తీరిక దొరికితే మామా నన్ను ఆ ఊరి పక్కన కూర్చోబెట్టుకుని, సగం ఇంగ్లీషు సగం హిందీలో ఒక్కో కట్టడం గురించి చెప్పేది. చర్చి వందల ఏళ్ల నాటిదట. వంతెన మీద ఒకసారికి ఒక్క బండే పడుతుందట. ఆ గడ్డి ఇళ్లు మామా ముత్తాతకు ముత్తాత కన్నా పెద్దవట... పాతబడితే పడగొట్టి కొత్తది కట్టుకోవాలి గానీ, డబ్బున్న దొరలు అంత పాత ఇంట్లో ఎందుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు.

అమ్మ మాత్రం బస్సెక్కే ముందు రోజూ ఒకటే పాఠం చెప్పేది. మామా ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదు. అమ్మ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, మామా పేరు మీద ఉంది. మామాకు కోపమొస్తే అమ్మను విమానం ఎక్కించేస్తారు, నేనూ నాన్నా ఇక్కడే మిగిలిపోతాం. ఏడేళ్ల పిల్లను భయపెట్టడానికి దయ్యాలు అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

అయినా ముట్టుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మామా వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. అమ్మ పైగదుల్లో దుప్పట్లు మారుస్తోంది. ఆ గడ్డి ఇళ్లను చూస్తుంటే రాయచోటి దగ్గర మా అవ్వ కొట్టం గుర్తొచ్చింది. పైన కప్పిన బోదగడ్డి నల్లబడితే చాలు, వానలు పడకముందే పాతది పీకించి కొత్తది కప్పించేది అవ్వ. నల్లబోద కింద కాపురం చేస్తే నలుగురూ నవ్వుతారనేది. ఈ ఇళ్ల మీది గడ్డి కూడా నల్లగా, దుమ్ము పట్టి ఉంది. పాపం, మామాకు కప్పిపెట్టేవాళ్లు లేరనుకున్నాను.

ఐదిళ్ల గడ్డీ పీకేశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో... వంటింట్లో ఉన్న చీపురు పుల్లలు తుంచి, నా బడిసంచీలోని గమ్ పూసి, అవ్వ ఊళ్లో కప్పినట్టే కింది వరస నుంచి పైకి కప్పుకుంటూ వచ్చాను. నిజం చెప్పొద్దూ, బాగానే కప్పాను. పాత గడ్డిని సంచీలో వేసి వీధి చివర చెత్తడబ్బాలో కూడా పారేసి వచ్చాను, అమ్మకు ఒక పని తప్పుతుందని.

అమ్మ కిందికి దిగి చూసింది. అరవలేదు, కొట్టలేదు. అమ్మ ముఖం పాలిపోవడం చూశాకే నాకు భయం పుట్టింది.

"పాత గడ్డి యాడేస్తివే?" అంది.

చెప్పాను. ఇద్దరం ఎండలో పరిగెత్తాం. చెత్తబండి అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. అయినా అమ్మ ఆ ఖాళీ డబ్బాలోకి నడుం దాకా వంగి చేత్తో తడుముతూనే ఉంది... సరిగ్గా అప్పుడే మామా కారు మలుపు తిరిగింది.

మామా ఆ ఊరి ముందు నిలబడ్డ ఆ కాసేపు నాకిప్పటికీ కలలోకొస్తుంది. ఆ గడ్డి ఆ పల్లెదేనట. అక్కడ ఒక ఇంటికి కప్పు మారుస్తుంటే, తీసేసిన పాత గడ్డిని అడిగి, పెట్టెలో దాచుకుని తెచ్చుకున్నాడట వాళ్ల నాన్న. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇవన్నీ మెల్లగా చెప్పి, ఎవరు చేశారని అడిగింది.

"అనా, మామా... అనా," అంది అమ్మ. నేనే, నేనే అని.

మామా అమ్మ వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది. వేళ్ల మీద గమ్ ఎండి తెల్లగా పొరలు లేస్తోంది. చేతులు వెనక్కి దాచుకున్నాను. నిజం నా నోటి నుంచే వస్తుందేమోనని మామా చాలాసేపు చూసింది... నాకేమో అమ్మ విమానం ఎక్కుతున్నట్టే ఉంది. నోరు తెరవలేదు.

"యల్లా, పదండి, ఇంటికి వెళ్లండి," అంది మామా.

మూడు రోజులు ఫోను రాలేదు. అమ్మ పెట్టె సర్దేసుకుంది. తలుపు చప్పుడైతే నేను మంచం కిందికి దూరేదాన్ని. నాలుగో రోజు మామా పిలిచింది. అమ్మను పని మాన్పించలేదు, ఒక్క మాటా అనలేదు. నా చీపురు పుల్లల కప్పులు కూడా పీకేయలేదు. ఆ ఊరి మీద అద్దాల పెట్టె మాత్రం పెట్టించింది. ఆ తర్వాత ఎన్ని సెలవులకు వెళ్లినా బిస్కెట్లిచ్చేది, తల నిమిరేది... పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మాత్రం మళ్లీ లేదు. అమ్మ ఉద్యోగం నిలిచింది, మామాను నేను పోగొట్టుకున్నాను.

ఇప్పుడు అబూ హలీఫాలో ఉంటున్నాం. నా ఇఖామా నా ఉద్యోగం మీదే ఉంది. మొన్న మా పాప నాకెంతో ఇష్టమైన గాజు జగ్గు పగలగొట్టి, నేను చూడకముందే వచ్చి తానే పగలగొట్టానని చెప్పి, అదే ఊపులో తినడానికేముందని అడిగింది. తిట్టబోయి ఆగిపోయాను. దాని ముఖంలో భయమన్నదే లేదు.

విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఇన్నేళ్లకు అడిగాను... ఆ రోజు నేను ఒప్పుకునుంటే ఏమయ్యేదని.

"ఏమీ అయ్యుండదులే. ఆయమ్మకు తెల్సు గదా," అంది. మళ్లీ తనే, "నీకు నోరు రాకుండా జేసింది నేనే గదమ్మా," అంది.

రోజులు మారాయి. మా పాపకు తెలియని ఆ భయాన్ని మేమిద్దరం ఇన్నేళ్లూ మోశాం... మీ తప్పును మీ అమ్మ తన నెత్తిన వేసుకున్న రోజు మీకూ ఉంటే కింద రాయండి. కానీ ముందు ఆ సంగతి అమ్మకు చెప్పి రండి.