ఇరవై మైళ్లు దాటొద్దన్న పలక

మొన్న మా అల్లుడు కొత్త స్కూటరు తెచ్చి, మొదటి అయిదువందల కిలోమీటర్లూ నలభై దాటకుండా నడపాలట మామయ్యా అని నవ్వుతుంటే, నేనూ నవ్వబోయి నవ్వలేక కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

కొత్త చెప్పులు కాలికి అలవాటు పడినట్టు, కొత్త ఇంజనులో లోపలి సామాను ఒకదానికొకటి ఒరుసుకుని నునుపు తేలేదాకా మెల్లగా నడపాలని మా ఈడు డ్రైవర్లకు వేరే చెప్పనక్కరలేదు. మనమింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో, మా మేనమామ మార్కాపురం నుంచి యర్రగొండపాలేనికి తిప్పడానికి కొత్త బస్సు కొని, ఇరవై రెండేళ్ల నన్ను దాని మీద కూర్చోబెట్టాడు. బస్సు బాగోగులు చూసే మేస్త్రీని, వరస లేకపోయినా, చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి మద్రాసులో పని నేర్చుకొచ్చిన మనిషి. వేగం సంగతి నోటితో పదిసార్లు చెప్పింది చాలదని, పలకలకు కొదవలేని ఊరు కనుక ఒక పలక మీద బలపంతో 'ఇరవై మైళ్లు దాటొద్దు' అని రాసి, నా కళ్లెదుట వేలాడగట్టాడు.

ఆ రాతే నా పరువు తీసింది. ఎక్కిన ప్రతివాడూ దాన్ని పైకి చదివి నవ్వేవాడు. అయిదో రోజు ఇంకొకరి పాతబస్సు హారను కొడుతూ మమ్మల్ని దాటిపోతే, వెనక నుంచి ఒకాయన "ఏందబ్బా, ఇది బస్సా, ఎద్దులబండా?" అన్నాడు. నా పౌరుషం మండిపోను, తుండుగుడ్డ తడిపి ఆ రాత తుడిచేసి, పెడలు అదిమిపట్టాను. పాతబస్సును దాటాను కూడా. ఊరు రెండు మైళ్లుందనగా ఇంజను పట్టేసి బస్సు ఆగిపోయింది.

మామ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. "పిలగానికి జెప్పినావా, లేదా?" అని గద్దించాడు. "పలక మీద రాసిచ్చినా గదన్నా, సూడు" అన్నాడు చిన్నాయన. మామ చూశాడు, ఏమీ లేదు. నావైపు తిరిగాడు. నాకేమీ చెప్పలేదు మామా అన్నాను.

చిన్నాయన పలక చేతిలోకి తీసుకుని, ఇంకా మిగిలిన తెల్లటి చారను బొటనవేలితో తడిమి, నన్నొకసారి చూసి, దాన్ని సీటు మీద బోర్లించాడు. తుడిచింది నేనని ఆయన అన్నా, సొంత మేనల్లుణ్ణి కాదని ఆ మాట నమ్మేవారెవరు? ఆ ధైర్యంతోనే నేను అబద్ధమాడాను. కొత్త ఇంజను పాడుచేసిన మేస్త్రీ అని పేరు పడ్డాక ఈ చుట్టుపక్కల ఎవరూ పనివ్వక, పెళ్లాంబిడ్డలతో దర్శి వైపు వెళ్లిపోయాడు. చాలా ఏళ్లకు అక్కడి సంతలో కనిపించి, "బాగుండావా నాయనా?" అని ఆయనే పలకరించాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచి, వానల సంగతి మాట్లాడి వచ్చాను. మామ పోయాడు, ఆయనా పోయాడు. ఇక చెప్పినా వినవలసినవాళ్లు లేరు.

ఇప్పుడు కంపెనీవాళ్లే ఆ హెచ్చరికను అచ్చువేసి మీటరు కింద అంటించి పంపుతున్నారు. ఏ మేస్త్రీ మాటకూ సాక్ష్యం వెతకనక్కరలేదు. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్కూటరు దగ్గరికి వెళ్లి, తడిగుడ్డతో ఆ అక్షరాలు రుద్ది చూశాను. ఎంత రుద్దినా పోలేదు.